ఖాళీ తొట్టిలో గడ్డిపరకలు: ఎలా చేయాలి, ఎక్కడ చెడుతుంది

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. క్రిస్మస్ ముందు పిల్లలు మంచి పని చేసినప్పుడల్లా, బాలయేసుకి పక్క వేసినట్టు, బొమ్మ పశువుల తొట్టిలో ఒక గడ్డిపరక వేయించడం పోయినేడు మొదలుపెట్టారు. చెప్పుల అట్టపెట్టెనే తొట్టి చేశారు. వారం తిరక్కుండానే పిల్లలు "నావి ఎక్కువ, నీవి తక్కువ" అని కొట్టుకుంటే ఆపేశారు. ఈసారి సరిగ్గా ఎలా చేయాలి?

తప్పు సగం అట్టపెట్టెలోనే ఉందండీ. పెట్టె అడుగు పలకలా ఉంటుంది. అందులో ఇరవై పరకలు పడ్డా అడుగంతా పరుచుకుపోతాయి తప్ప ఎత్తు రాదు. తొట్టి నిండుతోందన్నది కళ్లకి కనపడకపోతే పిల్లలు పట్టుకోగలిగేది ఒక్క లెక్కే. లెక్క మొదలైందంటే పోటీ మొదలైనట్టే. అదే రెండు పలకలు కింద కలిసి పైకి విచ్చుకునే తొట్టి అయితే అడుగు ఇరుకు కాబట్టి మొదటి వారంలోనే గడ్డి లేచి కనపడుతుంది. నాలుగో వంతు గడ్డికే సగం ఎత్తు వచ్చేస్తుంది. నాలుగేళ్లవాడికి కావలసింది ఆ మొదటి వారమే. ఆ తర్వాత నెమ్మదిగా నిండినా అప్పటికి అలవాటు పడి ఉంటాడు.

చేయడానికి ఐస్‌క్రీం పుల్లలు 18 చాలు, విరిగేవాటికోసం నాలుగు ఎక్కువ పెట్టుకోండి. క్రాఫ్టు సామాన్ల షాపులో దొరికే పుల్ల దాదాపు 11.4 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు ఉంటుంది. కింది కొలతలన్నీ ఆ పుల్లకి సరిపోయేవి. ఫెవికాల్, ఆరు బట్టల క్లిప్పులు, 7 సెం.మీ. చదరపు అట్టముక్క ఒకటి కూడా కావాలి.

ముందు కాళ్లు. రెండు పుల్లల్ని కత్తెర గుర్తులా అడ్డంగా పెట్టండి. దాటే చోటు పై కొసనుంచి 7 సెం.మీ. దగ్గర ఉండాలి, కింద నాలుగున్నర దాకా మిగులుతుంది. రెంటి మధ్య కోణం నోట్‌బుక్ మూలకి సరిపోవాలి. మూల ఆనించి చూసి, ఒక్క చుక్క ఫెవికాల్ వేసి క్లిప్పు బిగించండి. కోణం తగ్గిస్తే తొట్టి చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది కానీ కాళ్లు దగ్గరైపోయి, పిల్ల చెయ్యి తగలగానే బోర్లా పడుతుంది. రెండో జతని మొదటి జత మీదే పెట్టి చేయండి, మధ్యలో అంటుకోకుండా ఒక కాగితం వేయండి. అప్పుడే రెండూ ఒకే కోణంలో వస్తాయి. నిలబెట్టేటప్పుడు రెండు జతల్లోనూ పై పుల్ల ఒకే వైపుకి ఉండేలా చూసుకోండి. తిరగేసి పెడితే నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో ఉంటుంది.

అరగంట ఆగి రెండు జతల్ని 9 సెం.మీ. దూరంలో నిలబెట్టండి. పైకి విచ్చుకున్న కొసల లోపలి వైపు కిందనుంచి పైకి పుల్లలు అడ్డంగా అంటించుకుంటూ పోవాలి, ఒక్కో వైపు ఏడు. మొదటి రెండు అంటించగానే నేల మీద పెట్టి ఊగుతోందేమో చూడండి, బంక పచ్చిగా ఉన్నప్పుడే సర్దుకుంటుంది. చివరికి అట్టముక్కని మూలనుంచి మూలకి కోస్తే రెండు త్రికోణాలు వస్తాయి. అవి తొట్టి రెండు చివర్లకీ అతికినట్టు సరిపోతాయి. ఇవి పెట్టడం చాలామంది మరిచిపోతారు. చివర్లు తెరిచి ఉంటే ఇటునుంచి పరక తోయగానే అటునుంచి రెండు జారి పడతాయి, మళ్లీ "నాది పడిపోయింది" అని ఏడుపు. రాత్రంతా ఆరనివ్వండి. రంగు వద్దు, పుల్ల రంగే పశువుల పాకకి తగిన రంగు.

ఇక గడ్డి. మన దగ్గర ఈ పనికి కాలం బాగా కలిసొస్తుంది, క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం నాటికి సార్వా వరి కోతలు నడుస్తుంటాయి. చేత్తో కోసిన చేలో గడ్డి అడగండి. మిషను కోసిన గడ్డి నలిగి, ముక్కలై ఉంటుంది, నిటారు పరకలు ఏరడానికి ఓ పూట పడుతుంది. తెచ్చాక ఒకరోజు ఎండలో పెట్టి వెన్నులు తుంచేయండి. దంటు మీది ఆకు తొడుగు ఒలిచేయండి. దురద పెట్టేది ఆ ఆకు అంచులూ నూగూ, లోపలి దంటు నున్నగానే ఉంటుంది. కణుపు లేని భాగాన్ని 9 సెం.మీ. ముక్కలుగా కత్తిరించి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి మళ్లీ ఆరబెట్టాలి. చెమ్మ ఉండగా డబ్బాలో వేసి మూత పెడితే వారానికి బూజు పడుతుంది. ఇంట్లో ఆయాసం, తుమ్ముల బాధ ఉన్నవాళ్లుంటే గడ్డి మానేసి పసుపురంగు కాగితాన్ని సన్నగా చుట్టి పరకలు చేసుకోండి. విదేశాల్లో ఉన్నవాళ్లకీ అదే తేలిక. చీపురు పుల్లలు మాత్రం వద్దు, కొసలు గుచ్చుకుంటాయి.

ఎన్ని పరకలు కావాలో ముందే మీరు ఒకసారి నింపి చూసుకోండి. ఈ కొలత తొట్టిలో సుమారు 60 పరకలు పడితే మూడింట రెండొంతుల ఎత్తు వస్తుంది, దంటు లావునిబట్టి పది అటూ ఇటూ. బాలయేసు పడుకోవడానికి అంత చాలు. చూసుకున్నాక ఖాళీ చేసి, ఆ 60 పరకలే ఒక స్టీలు గ్లాసులో నిలబెట్టి పక్కన పెట్టండి. మిగతా గడ్డి ఇంట్లో కనపడకూడదు. నాయనమ్మ ముద్దొచ్చి గుప్పెడు గుప్పెడు వేయించేయడం ఈ ఏర్పాటులో తరచు వచ్చే చిక్కు. గ్లాసులో ఉన్నవే ఉన్నాయంటే ఆవిడా సరే అంటుంది.

ఆగమన కాలం క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగో ఆదివారంతో మొదలవుతుంది. 2026లో అది నవంబరు 29, అంటే డిసెంబరు 24 దాకా 26 రోజులు. ఇద్దరు పిల్లలు రోజుకి ఒక్కొక్కటి వేస్తే 52. మిగతా ఎనిమిదీ అమ్మానాన్నలవి. మీరూ వేయాలి. "ఇవాళ ఆఫీసునుంచి చిరాగ్గా వచ్చినా అరవలేదు, అందుకు వేస్తున్నా" అని నాన్న ఒక పరక వేస్తే అది పిల్లలకి పెట్టే పరీక్షలా కాక ఇంటిల్లిపాదీ చేసే పని అవుతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే తొట్టి. ఎవరి తొట్టి వారికి, ఎవరి రంగు వారికి అని పెట్టారో, పోయినేటి గొడవే మళ్లీ.

రోజుకి ఒక్కటే అన్నది గట్టి నియమంగా పెట్టుకోండి. మంచి పని చేసిన ప్రతిసారీ వేయిస్తే మూడోరోజుకల్లా "గ్లాసు తీసి పెడితే ఎన్ని?" అని బేరం వస్తుంది. రాత్రి కుటుంబ ప్రార్థనప్పుడు ఒకేసారి వేయించండి. ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకోవడం వద్దు. అక్క చేసిన మంచి పని తమ్ముడు చెప్పాలి, తమ్ముడిది అక్క చెప్పాలి. కొట్టుకునే పిల్లలకి ఇంతకన్నా మంచి మందు లేదు, ఎందుకంటే సాయంత్రం చెప్పడానికి ఏదో ఒకటి కావాలని పగలంతా ఎదుటివాళ్లలో మంచి వెతకాల్సి వస్తుంది. మొదటి నాలుగు రోజులు బాబు "అక్క మంచిది" అని ఊరుకుంటాడు. "ఏం చేసింది?" అని అడగండి. "నీ బూటు లేసు కట్టిందా? నువ్వు పడుకుంటే టీవీ సౌండు తగ్గించిందా?" అని రెండు అందించండి, మూడోది వాడే చెప్తాడు. "మంచిగా ఉంది", "బుద్ధిగా ఉంది" లాంటి మాటలకి పరక వేయకండి. కంటితో చూసిన పని ఒకటి చెప్పాకే వేయాలి.

వేసిన పరక ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి తీయకండి. అల్లరి చేశాడని తీసేస్తే అది పోలీసు జరిమానా అయిపోతుంది, పైగా బాలయేసుకి ఇచ్చింది లాక్కున్నట్టు వాడికి అనిపిస్తుంది. ఆ రోజు మరీ రచ్చ అయితే "ఇవాళ వద్దులే, రేపు వేద్దాం" అని దాటేయండి. "నువ్వు ఇలా చేస్తే బాలయేసు కటిక చెక్క మీద పడుకుంటాడు" అని మాత్రం అనకండి. ఏడేళ్ల పిల్ల నిజంగానే నిద్ర మానేస్తుంది. చివరి వారం గడ్డి తక్కువగా ఉంటే 24 సాయంత్రం అందరూ కలిసి గ్లాసులో మిగిలినవన్నీ వేసేయండి. ఎవరెంత మంచివాళ్లయినా కాకపోయినా క్రిస్మస్ వస్తుంది, తొట్టి నిండుతుంది.

ఇది వట్టి ముద్దుమాట కాదు. మన పాస్టర్లలో కొందరికి ఈ పద్ధతి మీద ఉన్న అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. రక్షణ దేవుడి కృపవల్ల వచ్చేది కదా, మనం చేసే మంచి క్రియలు లెక్కపెట్టించడమేమిటి అంటారు. ఆ అభ్యంతరంలో పస ఉంది. గడ్డిని కూలిగా చూపిస్తే వాళ్లన్నట్టే అవుతుంది. ఇంటికి చంటిబిడ్డ వస్తుంటే పక్క సర్దినట్టు చూపిస్తే ఆ ఇబ్బంది లేదు. కాబట్టి పిల్లలతో వాడే మాట జాగ్రత్త: "ఇది చేస్తే పరక వేయనిస్తా" కాదు, "బాలయేసుకి పక్క మెత్తగా అవుతోంది చూడు".

మతం సంగతి పక్కన పెట్టినా, పరకని బహుమతిలా చూపకపోవడానికి కారణం ఒకటి ఉంది. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "వేస్తే బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లు బొమ్మలు వేయడానికి సగం సమయమే పెట్టారు. ముందు చెప్పకుండా అదే పత్రం ఇచ్చిన పిల్లల్లో ఆసక్తి తగ్గలేదు. పరకకి తోడు చాక్లెట్టు, తొట్టి నిండితే సైకిలు అని పెట్టకండి.

తొట్టిలో పెట్టే బాలయేసు బొమ్మ 8 సెం.మీ. మించకూడదు. పాత పంచె ముక్కలో దూది పెట్టి ఉండ కట్టి తల చేయండి. అదే గుడ్డనుంచి 3 సెం.మీ. వెడల్పు పట్టీ చించి పొత్తిగుడ్డల్లా చుట్టేయండి. కళ్లూ ముక్కూ గీయకపోయినా బాగుంటుంది, గీస్తే ఒక్కోసారి జడిపించేలా వస్తుంది. మూడేళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉంటే పూస తల, గుండీ కళ్లు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. బొమ్మని 24 రాత్రిదాకా అల్మరాలో దాచాలి. రాత్రి ఆరాధననుంచి రాగానే పెట్టొచ్చు. పిల్లలు అప్పటికి నిద్రపోతే తెల్లారి వాళ్ల చేతే పెట్టించండి, వాళ్లు చూడకుండా మీరు పెట్టేస్తే నెల శ్రమా వృథా.

మన దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కు సెమీ క్రిస్మస్. డిసెంబరు మొదటివారంలోనే బళ్లోనో గుళ్లోనో పాక కట్టి, తొట్టిలో పాపాయిని పడుకోబెట్టేస్తారు. బాబు ఇంటికొచ్చి "పుట్టేశాడుగా, మనింట్లో ఇంకా ఎందుకు లేడు?" అంటాడు. "అక్కడ నాటకంగా చూపించారు, మనింట్లో ఇంకా పక్క వేస్తున్నాం" అంటే వాడికి చాలు. క్యారల్స్‌కి తిరిగే రోజుల్లో రాత్రి ప్రార్థన పదకొండు దాటిపోతుంది. ఆ వారం పరకని పొద్దున టిఫిన్ దగ్గరికి మార్చుకోండి, నిద్రమత్తులో వేయించడంకన్నా అది మేలు. తొట్టిని కొవ్వొత్తులకీ స్టార్ బల్బుకీ మూడు అడుగుల దూరంలో పెట్టండి, ఎండుగడ్డి సంగతి తెలిసిందే.

జనవరి 6, జ్ఞానుల పండుగ దాకా ఉంచి, గడ్డిని ఆవుకి వేసేయండి. బంక తగలని పరకలే కాబట్టి ఫరవాలేదు. తొట్టిని పాత దిండుగలీబులో చుట్టి పెడితే వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.

ఏడాది పొడుగునా ఏదైనా కావాలంటే పాపకి పది పూసల దండ చేయించండి, మంచి పనికి ఒక పూస లాగడం, బాబుకి ఇంకా తొందర. ఫ్రాన్సులో లిసియే ఊరి పునీత తెరేసమ్మ పసితనంలో మంచి పనులు లెక్కపెట్టుకోవడానికి మరీ అనే వాళ్ల పెద్దక్క పూసల దండ ఇచ్చిందని తల్లి రాసిన ఉత్తరంలో ఉంది. 4 మి.మీ. రంధ్రం ఉన్న పూసలు పది, ఒకటిన్నర, రెండు మి.మీ. మధ్య లావున్న నైలాన్ తాడు ఒక మీటరు. తాడుని మధ్యకి మడిచి పతకం కట్టి, ప్రతి పూసలోంచీ రెండు కొసల్నీ ఎదురెదురుగా దూర్చి లాగాలి. పది అయ్యాక మూడు పూసల పొడవంత ఖాళీ వదిలి ముడేసి సిలువ కట్టండి. పతకం, సిలువ విజయవాడ గుణదలలో కొండ కింద కొట్లలో దొరుకుతాయి. లాగిన పూస లాగిన చోటే నిలవాలి. జారి వెనక్కి వస్తోందంటే తాడు సన్నమైనట్టు, ఇంకాస్త లావు తాడుతో మళ్లీ గుచ్చండి.