పర్యావరణం కోసం ఏటా ఒక రాత్రి జరిపే ఎర్త్ అవర్‌లో గంటసేపు లైట్లు ఆర్పితే నిజంగా కరెంటు ఆదా అవుతుందా?

అవుతుంది, కానీ చాలా తక్కువ. అందుకే జనం నమ్మరు, వాళ్ల అనుమానంలో న్యాయం ఉంది.

ఎర్త్ అవర్ ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మొదలైంది. 2007 మార్చి 31న రాత్రి 7.30 నుంచి 8.30 దాకా హార్బర్ బ్రిడ్జి, ఒపెరా హౌస్ లైట్లు ఆర్పేశారు. ఆ గంటలో నగర కేంద్రంలో వాడకం సుమారు 10 శాతం తగ్గిందని ప్రకటించారు. వినడానికి బాగానే ఉంది. అయితే అది ఏడాదిలో ఉండే 8,760 గంటల్లో ఒక్క గంట. ఫ్రిజ్, ఏసీ, గీజర్ మామూలుగానే నడుస్తాయి. ఇంట్లో ఎక్కువ కరెంటు తాగేవి అవే. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఆర్పితే గంటకు మిగిలేది యూనిట్‌లో వందో వంతు కూడా కాదు. పైగా సిడ్నీకి అప్పట్లో ప్రధానంగా కరెంటు ఇచ్చినవి బొగ్గు ప్లాంట్లు. గంటసేపు డిమాండ్ తగ్గిందని వాటిని ఆపేయరు, ఉత్పత్తి కాస్త తగ్గిస్తారంతే. బల్బు ఆర్పి కొవ్వొత్తులు వెలిగిస్తే ఆ కాస్త లాభం కూడా పోతుంది, మైనం పెట్రోలియం సరుకే కదా.

నిర్వాహకులు కూడా దీన్ని పొదుపు కార్యక్రమం అనరు, సంకేతం అంటారు. నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ గంట ఫొటోలు వేసుకునే నగరపాలికను మిగతా ఏడాది వీధి దీపాల బిల్లు ఎంతో అడగాలి.