అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ ఛాంబర్లేన్ రికార్డులను ఈ కాలం ఆటతో పోల్చవచ్చా?

పోల్చవచ్చు, కానీ అంకెలను ఉన్నవున్నట్టు తీసుకుంటే మోసపోతాం. 1961-62 సీజన్‌లో ఛాంబర్లేన్ మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు కొట్టాడు. 1962 మార్చి 2న న్యూయార్క్ నిక్స్ జట్టుపై ఒక్కడే 100 పాయింట్లు. "అప్పట్లో పోటీ ఎక్కడిది?" అని కొందరు కొట్టిపారేస్తారు. అది సగం నిజమే.

అప్పుడు ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, 9 జట్లే. దూరం నుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లిచ్చే గీత లేదు, అది 1979లో వచ్చింది. ఆట పరుగో పరుగు: ఒక్కో జట్టు మ్యాచ్‌కు వందకు పైగా షాట్లు వేసేది, ఇప్పుడు 90 దాటితే ఎక్కువ. గురితప్పినవీ ఎక్కువే కాబట్టి రీబౌండ్లూ (గురితప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం) కుప్పలుగా దొరికేవి. పైగా అతను దాదాపు ప్రతి మ్యాచ్‌లో ఒక్క నిమిషమూ బెంచీ ఎక్కకుండా ఆడేవాడు.

అయితే ఆ వేగం అందరికీ ఒకటే కదా! మిగతావాళ్లెవరూ 50 సగటు దరిదాపులకు రాలేదు. దాడి చేసే ఆటగాడు మూడు సెకన్లకు మించి నిలబడకూడని, బుట్ట ముందుండే లేన్ వెడల్పును 1964లో 12 అడుగుల నుంచి 16కు పెంచారు, అతని జోరు తగ్గించడానికే. నా లెక్కలో ఏ అవార్డు కన్నా ఇదే పెద్ద సర్టిఫికెట్.

అవార్డంటే గుర్తొచ్చింది, 50 సగటు కొట్టిన ఆ ఏడాది ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు) అతనికి రాలేదు, బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఆటగాడు బిల్ రస్సెల్‌కు వెళ్లింది. రస్సెల్‌కు 11 ఎన్‌బీఏ టైటిళ్లు, ఛాంబర్లేన్‌కు రెండే. అభిమానుల అసలు గొడవ ఇక్కడే. నన్నడిగితే, ఒంటరి ప్రతిభలో ఛాంబర్లేన్, జట్టును గెలిపించడంలో రస్సెల్.