లావుగా ఉన్న పిల్లలకు నిజంగా బీపీ వస్తుందా, అది పెద్దల జబ్బు కదా?

వస్తుంది. మా ఇంట్లోనే వచ్చింది కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా అబ్బాయికి పదకొండేళ్లు నిండేసరికి 62 కిలోలు ఉండేవాడు. పిల్లవాడు బొద్దుగా ఉన్నాడని మా అత్తగారు ప్రతి ఆదివారం ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేవారే గానీ, ఆవకాయ, చిప్స్ రూపంలో వాడి కడుపులోకి ఎంత ఉప్పు పోతోందో మేమెవరమూ లెక్క చూడలేదు. రాత్రిళ్లు గురక పెడుతుంటే ఆడి అలసిపోయాడని అనుకునేవాళ్లం.

జ్వరానికని తీసుకువెళ్లినప్పుడు పిల్లల డాక్టరుగారు బీపీ చూడమన్నారు. నర్సు చుట్టిన పట్టీ వాడి చేతికి చాలక, గాలి నిండగానే టప్పున ఊడిపోయింది. బిగించి మళ్లీ చూస్తే 138/90 చూపించింది. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కూడా కనబడుతుందని డాక్టరుగారు విసుక్కుని, పెద్ద పట్టీ తెప్పించి, జ్వరం తగ్గాక రమ్మన్నారు. అప్పుడు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి చూస్తే 128/84 వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను గానీ ఆవిడ పీల్చుకోలేదు. పదమూడేళ్లలోపు పిల్లలకు పెద్దల కొలత పనికిరాదనీ, వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవి చూసి పట్టికతో పోల్చాలనీ, ఆ లెక్కన ఇది ఎక్కువేననీ చెప్పారు. ఒక్కసారికే జబ్బని తేల్చకుండా మరో రెండుసార్లు రప్పించి చూశారు, రెండుసార్లూ తగ్గలేదు.

ఒంట్లో కొవ్వు పెరిగితే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుందనీ, దానివల్ల మూత్రపిండాలు ఉప్పును బయటకు పంపకుండా పట్టి ఉంచుకుంటాయనీ, నరాల ఒత్తిడికి రక్తనాళాలు బిగుసుకుంటాయనీ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే గురక కూడా బీపీని పెంచుతుందనీ ఆవిడ వివరించినప్పుడు గానీ మాకు తలకెక్కలేదు.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లోనే, మూడేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ ఏడాదికోసారి, ఊబకాయం ఉన్నవారికి వచ్చిన ప్రతిసారీ బీపీ చూడమని చెప్పింది. అయినా ఈ డాక్టరుగారి దగ్గరకు వెళ్లకముందు మేం తిరిగిన ఆసుపత్రులన్నిటిలోనూ బరువు తూచి చీటీ మీద రాసినవారే గానీ బీపీ చూసినవారు ఒక్కరూ లేరు.

మందు లేకుండానే, ఉప్పు తగ్గించి రోజూ గంటసేపు సైకిలు తొక్కిస్తే, ఏడాదిన్నరలో వాడు పొడుగు సాగాడు, బరువు పెరగలేదు, బీపీ 112/70కి దిగింది. సైకిలు కూడా సాయంత్రం చీకటి పడ్డాకే, ఎందుకంటే బడిలో ఆటల పీరియడును లెక్కల మాస్టారు తీసేసుకున్నారు.