‘మెసేజ్ పంపాం’ అంటే నోటీసు ఇచ్చినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటి ముందు గదిలో ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి అమ్ముకుంటూ బతుకుతున్నాను. కరెంటు కనెక్షన్ ఆరేళ్ల కిందట పోయిన మా అత్తగారి పేరునే ఉంది. బిల్లు నెలనెలా కడుతూనే ఉన్నాను. ఈ నెల 22న లైన్‌మన్ వచ్చి, 18,460 రూపాయల బకాయి ఉందని వీధిలో అందరి ముందూ నానా మాటలూ అని లైను కట్ చేసి వెళ్లాడు. 2021లో మీటరు ఆగిపోయిన పది నెలలకు తక్కువ బిల్లు వేశామని ఇప్పుడు ఆడిట్‌లో తేలిందట. ఆఫీసుకు వెళ్తే ‘మెసేజ్ పంపాం’ అన్నారు. వాళ్ల రికార్డులో ఉన్నది హైదరాబాద్‌లో ఉండే మా మరిది నంబరు. ఆయనతో మాకు మాటల్లేవు. పెళ్లివారి ఆర్డరు కోసం రుబ్బిన 40 కిలోల పిండి పులిసిపోయింది. అత్తగారి పేరున ఏవో కవర్లు వస్తే ఆవిడ లేరని తిప్పి పంపాం, అంతేగాని మాకు ఏ నోటీసూ రాలేదు. రెండేళ్లు దాటిన బకాయి చెల్లదంటున్నారు, నిజమేనా? 5 లక్షల పరిహారం వస్తుందా? తెలిసిన ఎలక్ట్రీషియన్ వైరు కలిపేస్తానంటున్నాడు, కలిపించుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకే ముందు చెబుతాను. కలిపించుకోవద్దు, ఒక్క గంటకు కూడా వద్దు. విద్యుత్ సంస్థ తెంచిన లైనును అనుమతి లేకుండా కలపడం విద్యుత్ చట్టం, 2003లోని 138వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అలాగే కొనసాగిస్తే రోజుకు 500 రూపాయల వరకు అదనం. పక్కింటివాళ్ల మీటరు నుంచి వైరు లాక్కుంటే వాళ్లనూ ఇరికించినట్టే. అనుమతి లేని చోటుకు కరెంటు ఇవ్వడం 126వ సెక్షన్ కిందికి వస్తుంది, రెట్టింపు టారిఫ్‌తో లెక్కకడతారు. ఇవాళ ఫిర్యాదుదారుగా ఉన్న మీరు ఆ వైరు కలిపిన మరుక్షణం ముద్దాయి అవుతారు.

ఇక అసలు సంగతి. మరిది, లైన్‌మన్ మాటలు, పెళ్లివారు, వీటిలో ఏదీ ఈ కేసును తేల్చదు. తేల్చేది ‘కవర్లు తిప్పి పంపాం’ అని మీరు దాటేసిన మాట. ఆ కవర్లు ఎవరు పంపినవి? రిజిస్టర్డ్ పోస్టులో వచ్చాయా? ఏ తారీఖున? వీటికి జవాబు లేకుండా ఏ ఫోరానికి వెళ్లినా మొదటి వాయిదాలోనే తడబడతారు.

కారణం చెబుతాను. అదే విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం బకాయి కోసం లైను తెంచాలంటే కనీసం 15 పూర్తి రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పూర్తి రోజులంటే అందిన రోజూ, తెంచిన రోజూ లెక్కలోకి రావు. 3న అందితే 19 కంటే ముందు తెంచకూడదు. ఎలా అందజేయాలో 171వ సెక్షన్ చెబుతుంది: సంతకం తీసుకుని చేతికివ్వాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, లేదా నిబంధనల్లో చెప్పిన మరో పద్ధతి ఉంటే దాని ప్రకారం. యజమాని లేదా అందులో ఉంటున్నవారి పేరిట రాసిన నోటీసును ఆ ఇంట్లో ఉన్న మరొకరికి ఇవ్వవచ్చు. ఎవరూ దొరక్కపోతే అందరికీ కనిపించే చోట అంటించవచ్చు. అందజేశామని రుజువు చేయాల్సిన బాధ్యత సంస్థది.

మెసేజ్ సంగతి వేరు. 2020 డిసెంబరు 31న వచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ముందుగా అనుకున్న కోతల వివరాలు వినియోగదారులకు తెలపాలి. అనుకోకుండా సరఫరా ఆగితే ఎస్ఎంఎస్ ద్వారానో, మరో ఎలక్ట్రానిక్ మార్గంలోనో వెంటనే చెప్పాలి, ఎప్పటికి వస్తుందో కూడా చెప్పాలి. అది సరఫరా గురించిన సమాచారం. దాన్ని చూపించి 56వ సెక్షన్ నోటీసు ఇచ్చేశామనడం కుదరదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నా రాతపూర్వకమేనని ఐటీ చట్టం, 2000లోని 4వ సెక్షన్ చూపించి వాదిస్తారు. రాతగా ఒప్పుకున్నా, మీది కాని నంబరుకు వెళ్లింది మీకు అందిందని చూపడం వాళ్లకు కష్టం. అయితే నంబరు మార్చమని ఆరేళ్లలో మీరు ఒక్క అర్జీ అయినా పెట్టారా అని మిమ్మల్నీ అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. మనిషి పోయాక బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు మార్పించుకున్నంత శ్రద్ధగా మీటరు పేరు మార్పించుకోకపోవడం మీ నిర్లక్ష్యమే.

తిప్పి పంపిన కవరు ఈ నోటీసే అయితే మీ పక్షం బాగా బలహీనపడుతుంది. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లిన కాగితం అందినట్టే భావించమని జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ అంటుంది. తీసుకోకుండా తిప్పి పంపడాన్ని కోర్టులు అందినట్టుగానే చూస్తాయి. చనిపోయినవారి పేరున వచ్చిందన్న వాదన మీకు ఉంది, కానీ ఆ పేరును రికార్డులో ఉంచింది మీరే. అప్పుడు మీకు మిగిలేది తారీఖుల లెక్క: కవరు గుమ్మంలోకి వచ్చిన రోజుకూ 22వ తేదీకీ మధ్య 15 పూర్తి రోజులు ఉన్నాయా? అవి బ్యాంకు నుంచో, బీమా సంస్థ నుంచో వచ్చిన కవర్లయితే మాత్రం మీ కేసు గట్టిదే.

మరొకటి చూడండి. మీ నెలవారీ బిల్లు మీద డిస్‌కనెక్షన్ గురించి ఏం రాసి ఉందో వెనకా ముందూ చదవండి. బిల్లే నోటీసు అని వాళ్లు అనవచ్చు. ఆ నెల వాడకం వరకు ఆ వాదన నిలబడితే నిలబడవచ్చు. ఆ బిల్లులో కనిపించని 18,460కి మాత్రం అది నోటీసు కాజాలదు. అందుకని గత రెండు మూడేళ్ల బిల్లులన్నీ తీసి ‘బకాయిలు’ అన్న గడిలో ఏముందో చూడండి.

రెండేళ్ల మాటకూ ఆ గడే ఆధారం. మొదట చెల్లించాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటిన మొత్తాన్ని, బిల్లుల్లో ఎడతెగకుండా బకాయిగా చూపిస్తూ రాకపోతే, వసూలు చేయరాదని 56(2) చెబుతుంది. దీన్ని పట్టుకుని బకాయి చెల్లదనుకోవడం పొరపాటు. ‘మొదట చెల్లించాల్సిన తేదీ’ అంటే కరెంటు వాడిన తేదీ కాదు, బిల్లు వేసిన తేదీ అని 2020 ఫిబ్రవరి 18న అజ్మీర్ విద్యుత్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పొరపాటు బయటపడ్డాక అదనపు బిల్లు వేయవచ్చు, కానీ రెండేళ్ల గడువు దాటిన ఆ మొత్తం కోసం లైను తెంచే బలవంతపు చర్యకు దిగకూడదన్నది ఆ తీర్పు సారం. అంటే అప్పు ఉంటుంది, దాన్ని దావా వేసి రాబట్టుకోవచ్చు, ఫ్యూజు పీకి కాదు. మీకు ఉపయోగపడేది ఈ భాగమే. 2021 అక్టోబరులో ప్రేమ్ కాటెక్స్ కేసులో అదే సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అవతలివాళ్లు చూపిస్తారు. తక్కువగా వేసిన బిల్లును తర్వాత సరిచేసి అడగడం సేవాలోపం కాదని అందులో ఉంది. కాబట్టి కాలపరిమితి మీద బరువంతా వేయకండి, నోటీసు మీద నిలబడండి.

మీరు రాయని విషయం ఒకటుంది. పిండి రుబ్బే గదికి వాణిజ్య కేటగిరీ మీటరు ఉందా, ఇంటి మీటరు మీదే నడుపుతున్నారా? ఇంటి మీటరే అయితే అది కూడా 126వ సెక్షన్ వ్యవహారమే. ఫిర్యాదు వెళ్లాక తనిఖీకి వస్తారు. దాచకుండా ముందే కేటగిరీ మార్పుకు అర్జీ పెట్టుకోండి.

రేపు చేయాల్సిన పని చెబుతాను. మీ ప్రాంత విద్యుత్ సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పేరున అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తారీఖుతో ముద్ర వేయించుకోండి. అందులో ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అన్న మాట తప్పక ఉండాలి. వివాదం తేలేలోపు, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల్లో కట్టిన సగటు చార్జీ ప్రకారం నెలనెలా లెక్కకట్టిన మొత్తం గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో కట్టినవారి లైను తెంచకూడదని 56(1) చెబుతుంది. గత ఆరు బిల్లుల మొత్తం 18,000 అయితే నెల సగటు 3,000. ఆ లెక్క అర్జీలోనే వేసి చూపించి, లైను పునరుద్ధరించమని అడగండి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఈ నెల మామూలు బిల్లు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు. చేస్తే తెంచడానికి వాళ్లకు కొత్త కారణం మీరే ఇచ్చినట్టు.

అదే రోజు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. నోటీసు నకలు, పంపిన రిజిస్టరు పేజీ, పోస్టు రసీదు నంబరు, మెసేజ్ ఏ నంబరుకు ఏ తారీఖున వెళ్లిందో ఆ లాగ్, ఆడిట్ పేజీ, మీటరు మార్చిన రికార్డు, పది నెలలకూ నెలవారీ లెక్క అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘అటువంటి రికార్డు లేదు’ అని రాసిచ్చారంటే అంతకంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు.

జవాబు వచ్చేదాకా ఆగక్కర్లేదు. లైను రాకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరానికి వెళ్లి కేసు తేలేలోపు లైను ఇవ్వమని మధ్యంతర ఉత్తర్వు కోరండి. కనెక్షన్ అత్తగారి పేరున ఉందని వెనకాడొద్దు. సరఫరా ఉన్న ఇంట్లో ఉంటున్నవారినీ విద్యుత్ చట్టం 2(15) సెక్షన్ వినియోగదారుగానే చూస్తుంది. ఫోరం ఉత్తర్వు నచ్చకపోతే అందిన 30 రోజుల్లో ఆ పై స్థాయిలో ఫిర్యాదు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి.

5 లక్షల మాట మరచిపోండి. స్వయం ఉపాధి కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే అర్హత మీకుంది, గడువు రెండేళ్లు. కానీ అక్కడ చూసేది కాగితం: బియ్యం, మినప్పప్పు కొన్న బిల్లులు, పెళ్లివారిచ్చిన అడ్వాన్సు, ఆర్డరు రద్దు చేసిన మెసేజ్. పాడైన పిండి ఫొటోలు తీశారా? బంధువుల ఫ్రిజ్‌లోనైనా కొంత పెట్టే ప్రయత్నం చేశారా? నష్టం తగ్గించుకోవడానికి ఏమీ చేయనివారికి పరిహారం తగ్గుతుంది. ఫొటోలుంటే ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయందే వాటి ప్రింట్లను సాక్ష్యంగా తీసుకోరు.

పేరు మార్పుకు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. అంటే మరిదితో మాట్లాడక తప్పదు. ఆయన సంతకం పెట్టనంటే ఇండెమ్నిటీ బాండు (తర్వాత వివాదమొస్తే నష్టం మీరే భరిస్తామన్న హామీ పత్రం) మీద మార్చే వీలుందేమో కస్టమర్ సర్వీస్ సెంటర్లో అడగండి. ఫోన్ నంబరు మార్పును దీనితో ముడిపెట్టకుండా విడిగా ఈ వారంలోనే చేయించండి. కొత్త నంబరుకు ‘ఈ రాత్రికే కరెంటు కట్, ఈ నంబరుకు కాల్ చేయండి’ అని పదంకెల మామూలు నంబరు నుంచి వచ్చే మెసేజ్‌లను మాత్రం నమ్మకండి, అవి డబ్బు గుంజేవాళ్లవి. అనుమానమొస్తే 1912కే అడగండి. అత్తగారి పేరున ఇకపై ఏ కవరొచ్చినా సంతకం చేసి తీసుకోండి, అందిన తారీఖు కవరు మీదే రాసి ఉంచండి.