ఆతిథేయ కణం – ‘ప్రభావితం చేయబడుట’

సందేహం: నర్సింగ్ విద్యార్థుల కోసం హెచ్‌ఐవీ మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ‘అతిథేయ కణ ప్రోటీన్లచే హెచ్‌ఐవీ జన్యు వ్యక్తీకరణ, పునరుత్పత్తి ప్రభావితం చేయబడతాయి’ అని రాశాను. అతిథేయా, ఆతిథేయా? వాక్యం సరిగానే ఉందా?
– ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: ‘ఆతిథేయ’ అన్నదే సాధురూపం. వైరస్ చొరబడి ఉండే కణం ఆతిథేయ కణం. ‘ఏయ’ చేరినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది. అంజన కొడుకు ఆంజనేయుడు, కుంతి కొడుకు కౌంతేయుడు అయింది ఇలాగే. హ్రస్వంతో ఎన్నిచోట్ల అచ్చయినా మీరు దీర్ఘమే రాయండి.

వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. అయినా దాన్ని మార్చమనే చెబుతాను. ‘ప్రభావితం’ అనగానే వైరస్‌కు అక్కరకొచ్చే ప్రోటీన్లు, దాని దారికి అడ్డుపడే ప్రోటీన్లు ఒకే గాటన పడిపోయాయి. పైగా ‘చేయబడు’తో కర్త వెనక్కి పోయింది. ఈ పాఠంలో విద్యార్థి తెలుసుకోవలసింది ఎవరు ఏం చేస్తున్నారన్నదే కదా!

హెచ్‌ఐవీకి ఉన్నవి తొమ్మిది జన్యువులు. వాటిని చదివే యంత్రాంగం దాని దగ్గర లేదు, కణానిది వాడుకోవాలి. ‘వాడుతుంది’ కాదు, ‘వాడుకుంటుంది’. తన కోసం చేసుకునే పని అని ఆ ‘కొను’ ఒక్కటే చెప్పేస్తుంది. తెలుగు క్రియకున్న ఇంత మంచి సదుపాయాన్ని శాస్త్ర రచనలో ఎందుకు వదులుకోవాలి?

వైరస్ డీఎన్ఏ మన డీఎన్ఏలో అతుక్కున్నాక ఏం జరుగుతుందో చూడండి. టీ కణం (హెచ్‌ఐవీ సోకే ఒక రకం తెల్ల రక్తకణం) ఉత్తేజితమైనప్పుడు ఎన్ఎఫ్ కప్పా బీ అనే మన ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి, వైరస్ జన్యువుల మొదట్లో ఉండే భాగాన్ని పట్టుకుంటుంది. చదవడం మొదలవుతుంది, కానీ డీఎన్ఏను చదివి ఆర్ఎన్ఏ తయారుచేసే మన ఎంజైమ్ ఆర్ఎన్ఏ పాలిమరేజ్ కొద్ది దూరం పోయి ఆగిపోతుంది. అప్పుడు వైరస్ ప్రోటీన్ టాట్, అప్పటికే తయారైన ఆ పొట్టి ఆర్ఎన్ఏ ముక్కకు అంటుకుని, మన కణంలోని సైక్లిన్ టీ1, సీడీకే9 అనే జంటను అక్కడికి గుంజుకుంటుంది. (మన ఓరుగల్లు వైపు నిత్యం వినిపించే ఈ ‘గుంజు’ అనే మాట నిఘంటువుల్లోనూ ఉంది, పాఠంలో నిరభ్యంతరంగా వాడండి.) సీడీకే9 పాలిమరేజ్‌కు ఫాస్ఫేట్లు తగిలిస్తే అది కదిలి చివరిదాకా చదువుతుంది.

‘వ్యక్తీకరణ’ ఇక్కడ చక్కగా అతికే మాట. వ్యక్తం కానిదాన్ని వ్యక్తం చేయడం దాని అర్థం. కణంలో మౌనంగా పడి ఉన్న వైరస్ జన్యువుల విషయంలో అక్షరాలా జరిగేది అదే. ‘కరణం’ ఉందంటే చేసేవాడుండాలి. ఆ కర్తల పేర్లు వాక్యంలో కనిపించేలా రాయండి.

అడ్డుకునే ప్రోటీన్లకు వేరే వాక్యాలు కావాలి. 2002లో వెలుగులోకి వచ్చిన అపోబెక్3జీ కొత్త వైరస్‌లలోకి చేరి, అవి సోకిన తర్వాతి కణంలో తయారవుతున్న వైరస్ డీఎన్ఏలో సైటొసిన్లు అనే అక్షరాలను యురాసిల్‌గా మార్చి దాన్ని పాడుచేస్తుంది. దానికి విరుగుడుగా వైరస్ విఫ్ అనే ప్రోటీన్‌ను దించి, అపోబెక్‌ను మన కణం చేతనే నాశనం చేయిస్తుంది. ఈ ‘చేయించు’ ప్రేరణార్థకం. ‘ప్రభావితం’లో ఈ కుట్ర ఎక్కడా కనబడదు. టెథరిన్ అనే మరో ప్రోటీన్, బయటికి వెళ్లబోయే వైరస్‌లను కణం ఉపరితలానికే కట్టిపడేస్తుంది. వైరస్ ప్రోటీన్ వీపీయూ ఆ కట్టు విప్పిస్తుంది.

కాబట్టి ఇలా మొదలుపెట్టండి: ‘హెచ్‌ఐవీ తన జన్యువుల వ్యక్తీకరణకు ఆతిథేయ కణంలోని కొన్ని ప్రోటీన్లను వాడుకుంటుంది. మరికొన్ని ప్రోటీన్లు దాన్ని అడ్డుకుంటాయి. వాటిని వైరస్ తన ప్రోటీన్లతో తొలగింపజేస్తుంది.’

‘పునరుత్పత్తి’ జీవుల సంతానోత్పత్తికి స్థిరపడిన మాట. విడిభాగాలను కణం చేత తయారుచేయించి కూర్పించుకునే వైరస్‌కు ‘ప్రతులు పెంచుకోవడం’ అనండి, అర్థమవుతుంది.