చంటీ, పరుగు మొదలుపెట్టే ముందు ఇది చదువు

చంటీ,

అటక మీంచి సైకిలు దించావనీ, చేతికి వాచీ, ఛాతీకి పట్టీ, హ్యాండిల్‌కి బుల్లి కంప్యూటరూ ఒకేసారి కొన్నావనీ మీ అమ్మ చెప్పింది. వారానికి మూడు రోజులు సైకిలు, మూడు రోజులు పరుగు అట. వినగానే సంతోషమేసింది. ఆ వెనకే నీ కుడికాలు గుర్తొచ్చింది. ఫోన్లో చెబితే "సరే అత్తయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

ముందు సీటు సంగతి. చిన్నప్పుడు అందని సైకిలు అడ్డతొక్కుడు తొక్కి నేర్చుకున్నావు, ఆ భయం ఇంకా పోలేదేమో, సీటు ఎప్పుడూ కిందికే పెట్టుకుంటావు. రెండు కాళ్లూ నేలకి ఆనాలని చూడకు. గోడ పక్కన నిలబెట్టి, తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే ఎక్కు. మడమ పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పు. పెడల్ అట్టడుగుకి వచ్చేసరికి కాలు తిన్నగా చాచుకోవాలి, తుంటి పక్కకి ఒరగకూడదు. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కావలసినంత, అంటే 25 నుంచి 35 డిగ్రీల దాకా, తనే వంగుతుంది. మోకాలిచిప్ప ముందు నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందుగా ఉన్నట్టు, మోకాలి వెనక లాగితే ఎక్కువ ఎత్తున్నట్టు. మార్చేముందు సీటు రాడ్డు మీద టేపు ముక్కతో గుర్తు పెట్టుకుని, ఒక్కసారికి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లే జరుపు. జరిపాక రెండు మూడు రోజులు తొక్కితేగానీ తేడా తెలీదు.

టైరులో గాలి వారం వారం చూడు. టైరు పక్కన అచ్చేసినది గరిష్ఠం. అంత కొట్టితీరాలని కాదు, కొడితే రోడ్డు మీది ప్రతి గతుకూ నడుముకి చేరుతుంది. నీ 70 కిలోలకి 28 మిల్లీమీటర్ల టైరైతే 65–75 పీఎస్ఐ చాలు, వెనక చక్రానికి ఓ నాలుగు ఎక్కువ. చైన్‌కి నూనె వేశాక పైన మిగిలింది తుడిచెయ్, లేకపోతే దుమ్మంతా దానికే. బరువు గేరులో ఈడ్వకు, పెడల్ నిమిషానికి 80–90 చుట్లు తిరిగే గేరు ఎంచుకో. హెల్మెట్ గురించి నీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక నీ యంత్రాలు. వాచీ పెట్టె విప్పగానే వయసడిగి, 220లోంచి తీసేసి, నీ గుండె గరిష్ఠ వేగం 188 అని రాసేసుకుంటుంది. నీకు 32 కదా. ఆ లెక్క వేలమంది సగటుకి సరిపోతుంది, ఒక్కడికి సరిపోవాలని లేదు. నీ అసలు అంకె 176 కావచ్చు, 200 కావచ్చు. 200 అయ్యుంటే వాచీ "కష్టంగా ఉంది, తగ్గించు" అని ఊరికే గోల పెడుతుంది. 176 అయ్యుంటే ఇంకా ప్రమాదం: నువ్వు రొప్పుతుంటే అది "తేలిక" అని చూపిస్తుంది. అందుకని మొదటి రెండు నెలలు నీ నోరే మీటరు అనుకో. పూర్తి వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగితే తేలిక. నాలుగు మాటలకోసారి గాలి పీల్చుకోవలసి వస్తే తేలిక కాదు, వాచీ ఏ రంగు చూపినా సరే.

అంకె కావాలంటే పొద్దున్నే మంచం దిగకముందు పల్స్ చూసుకో. 62 అనుకుందాం. 188లోంచి 62 పోతే 126. అందులో 60 నుంచి 70 శాతం తీసి, మళ్లీ 62 కలిపితే దాదాపు 138 నుంచి 150. తేలిక రోజుల్లో పరుగుకి అదీ హద్దు. సైకిలు మీద ఓ 5–10 తక్కువ పట్టుకో, అక్కడ ఒంటి బరువు సీటే మోస్తుంది. ఎండలో, గంట దాటాక, వేగం పెంచకపోయినా పల్స్ పైకి పాకుతుంది. చెమటకి నీరు పోవడం, ఒళ్లు చల్లబరుచుకునే పని గుండె మీద పడటమే కారణం. కంగారు పడకు, వేగం తగ్గించు.

వాచీ అడుగున పచ్చ దీపాలు చూశావుగా. చర్మం కింద రక్తం ఎంత వెలుగు మింగుతోందో చూసి పల్స్ కడుతుంది. పట్టీ వదులైతే వాచీ ఊగుతుంది. ఆ ఊపు అడుగుల తాళంలో ఉంటుంది కాబట్టి, గుండెకి బదులు అడుగుల్ని లెక్కపెట్టేస్తుంది. పరుగు మొదలైన రెండో నిమిషానికే పల్స్ 164 చూపించి, నడకలోకి దిగగానే ఒక్కసారి 118కి పడిపోయిందంటే అది గుండె కాదు, నీ బూట్ల చప్పుడు. మణికట్టు ఎముకకి ఒక వేలెడు పైన, జారకుండా బిగించి కట్టు. పరుగుకీ, వేగం హెచ్చుతగ్గులున్న రోజుకీ ఛాతీ పట్టీయే వాడు. అది గుండె విద్యుత్తునే పట్టుకుంటుంది. 1982లో ఫిన్లాండ్ పోలార్ వాళ్లు తీగ లేని పల్స్ మీటరు తెచ్చినప్పుడూ ఛాతీ పట్టీయే, ఇప్పుడూ అదే. కట్టుకునేముందు లోపలి రబ్బరు తడుపు. పొడిగా ఉంటే మొదటి పది నిమిషాలూ పిచ్చి అంకెలే. ఇంటికి రాగానే పట్టీకి తగిలించిన పల్స్ పట్టే బిళ్ల ఊడదీసి, గుడ్డ నీళ్లలో జాడించు. తడి పట్టీకి తగిలించే ఉంచితే నువ్వింకా పరిగెడుతున్నావనుకుని బ్యాటరీ తినేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

కిందటిసారి నువ్వు పరుగు మొదలుపెట్టేనాటికి నాలుగు నెలల సైకిలు ఒంట్లో ఉంది. రెండు గంటలు తొక్కినా అలుపు లేదు. మొదటి రోజే అయిదు కిలోమీటర్లు పరిగెత్తొచ్చి "అత్తయ్యా, ఊపిరి ఆడటం కూడా తెలియలేదు" అన్నావు. మర్నాడు మళ్లీ. వారానికి అయిదు రోజులు. రెండో వారం కుడి మోకాలి కింద, ఎముక లోపలి అంచున బరువుగా నొప్పి. బయల్దేరగానే ఉండేది, ఒళ్లు వేడెక్కాక పోయేది. దాన్ని నువ్వు "తగ్గిపోతోంది" అన్నావు. అప్పటి నీ పాత వాచీ కూడా రోజూ పొద్దున "బాగా కోలుకున్నావు" అంది. మూడో వారానికి మెట్లు దిగుతుంటే నొప్పి, నాలుగో వారానికి పడుకున్నా నొప్పి. వేలితో నొక్కితే ఒక్క చోటే, రూపాయి బిళ్లంత మేర, ప్రాణం పోయినట్టు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదని మళ్లీ పరుగెత్తబోయావు. అలాంటి సన్న పగులు మొదట్లో ఎక్స్‌రేకి దొరకదురా, ఎంఆర్‌ఐకి దొరికింది. ఆరు వారాలు కుర్చీలో కూచున్నావు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాకు కాలు కన్నా అదే ఎక్కువ గుర్తుంది.

వాచీ అబద్ధం చెప్పలేదు. అది గుండె కోలుకుందా అని చూసింది, గుండె నిజంగానే కోలుకుంది. ఎముక సంగతి దానికి తెలీదు. సైకిలు నీ గుండెకీ ఊపిరికీ నేర్పింది గానీ, ఎముకకి దెబ్బ తినడం నేర్పలేదు, ఎందుకంటే సైకిలు మీద దెబ్బే లేదు. పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడింతలు ఒక్క కాలి మీద పడుతుంది. నిమిషానికి 160 అడుగుల లెక్కన అరగంటకి ఒక్కో కాలికి 2,400 దెబ్బలు. ఎముక ఆ బరువుకి తగ్గట్టు మారేటప్పుడు ముందు పాతదాన్ని తవ్వేస్తుంది, ఆ తర్వాతే కొత్తది పోస్తుంది. తవ్వకం మూడు వారాల్లో అయిపోతుంది, పూడ్చడానికి మూడు నెలలు పైనే పడుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక ముందుకన్నా బలహీనం. సరిగ్గా అప్పుడే నీకు ఊపు వచ్చింది.

కాబట్టి ఈసారి ఇలా. వరసగా రెండు రోజులు పరుగు వద్దు, మధ్య రోజు సైకిలు. మొదటి వారం పది నిమిషాలు నడిచి, ఆపైన ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఎనిమిది సార్లు. రెండో వారం రెండు పరుగు, రెండు నడక, ఆరు సార్లు. మూడో వారం మూడు, రెండు, అయిదు సార్లు. నాలుగో వారం పెంచకు, మూడోదే మళ్లీ చెయ్. అయిదు, ఆరు వారాల్లో అయిదు పరుగు, ఒకటి నడక, నాలుగు సార్లు. ఎనిమిదో వారానికి గానీ ఆగకుండా పాతిక నిమిషాలు వద్దు. ఈ నిమిషాలు వాచీలో పెట్టుకుంటే అదే గీపెడుతుంది, దానికి నేను మెచ్చే పని ఇదొక్కటే. అడుగులు నిమిషానికి 155 దగ్గరుంటే అందులోనే మెట్రోనోమ్, అంటే టిక్ టిక్‌మని తాళం వేసేది, 163కి పెట్టు. అడుగు పొట్టిదై మోకాలి మీద భారం తగ్గుతుంది. సైకిలు రోజుల్లో మెట్టు అంచున నిలబడి మడమలెత్తడం, పదిహేను చొప్పున మూడు సార్లు.

నొప్పి వస్తే వేలితో చూడు. జానెడు మేర పరుచుకుని ఉంటే పరుగు తగ్గించు. వేలి కొన కింద ఒక్క చోటే ఉంటే ఆ రోజే ఆపి డాక్టరు దగ్గరకి వెళ్లు. ఛాతీ బిగుసుకున్నా, కళ్లు చీకట్లు కమ్మినా అంతే. అప్పుడు వాచీని అడగొద్దు.

ఇంకొక్కటి, ఇది ఉట్టి నా భయమే అనుకో. హ్యాండిల్ మీది కంప్యూటర్లో మూడు గడులే ఉంచు: పల్స్, చుట్లు, సమయం. మిగతావి ఇంటికొచ్చాక చూడొచ్చు. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను తల దించితే ఎనిమిది మీటర్లు చూడకుండా పోయినట్టు. హెచ్చరికలు చప్పుడుకి పెట్టి, ఫోను సందేశాలు అందులోకి రాకుండా ఆపెయ్. పల్లంలో అసలు చూడకు. నువ్వు చూస్తావు, నాకు తెలుసు.

నెల కాగానే పరుగు ఫైళ్లు నాకు పంపు. వేగం చూడను. నడక నిమిషాలున్నాయో లేదో చూస్తాను.

అత్తయ్య