నలభై ఎనిమిదో ఏట అలిఫ్ బే

నలభై నాలుగేళ్లొచ్చాయి, మొదలుపెట్టి వదిలేసినవే ఎక్కువ, ఇప్పుడు కొత్తగా ఏదైనా నేర్చుకుంటే వంటబడుతుందా అని అడిగారు. వదిలేసిన వాటి లెక్కలో నేను మీకేమీ తీసిపోను. కీబోర్డు కొన్నాను, మూడు వారాలు. ఆన్‌లైన్‌లో పైథాన్ కోర్సు కట్టాను, రెండో పాఠం దగ్గర ఆగింది. కీబోర్డు మా మేనల్లుడి ఇంటికి వెళ్లిపోయింది. కోర్సువాళ్లు మాత్రం ఇప్పటికీ మెయిల్ పంపుతుంటారు. నేను కాస్త దూరం వెళ్లింది ఒక్కదాంట్లోనే: ఉర్దూ చదవడం. నలభై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను.

మాది హనుమకొండ దగ్గర ఒక పల్లె. మా బాపు 1936లో పుట్టాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగేనాటికి ఆయన చదువు ఉర్దూ మీడియంలో ఉంది. నిజాం రాజ్యంలో సర్కారు కచేరీల భాష అదే కదా, ఇంట్లో పాత కాగితాలు తీస్తే బాపు గడగడా చదివేవాడు, మేం వినేవాళ్లం. ఆయన పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే కాగితాలున్నాయి, చదివే మనిషి లేడు. టౌన్‌లో ఒక పెద్దమనిషి పేజీకి ఇంత అని తీసుకొని చదివిపెడతాడంటే వెళ్లాను. ఏడు కాగితాలు రెండు నిమిషాల్లో తిరగేసి, "ఏం లేదు, శిస్తు రసీదులు" అన్నాడు. అయ్యుండొచ్చు. కానీ మా ఇంటి కాగితాల ముందు నేను వేలిముద్ర మనిషినైపోవడం మింగుడు పడలేదు.

మా వెనక వీధిలో రిటైరైన ఉర్దూ మాస్టారు ఒకాయన సాయంత్రాలు పిల్లలకు చెబుతారు. వెళ్లి అడిగితే "బైఠో" అని పిల్లల వరుసలోనే కూర్చోబెట్టారు. పక్కన తొమ్మిదేళ్ల పాప. ఆఫీసులో నా కింద పదకొండు మంది పనిచేస్తారు. ఇక్కడేమో ఆ పాప నా నోటుబుక్కులోకి తొంగిచూసి "అంకుల్, బేకి చుక్క కింద పెట్టాలి" అని దిద్దేది. మొదటి పది రోజులు సిగ్గుతో చచ్చిపోయాను. ఫీజు ముందే కట్టించుకున్నారు కాబట్టి వెళ్లాను, అంతే. నన్నడిగితే ముందు ఫీజు మంచి పద్ధతి.

కుడి నుంచి ఎడమకు రాయడం గురించి అందరూ అనవసరంగా భయపెడతారు, అది నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. అసలు తిప్పలు అక్షరం వేషాలు మార్చడంతోనే. మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒకటి, చివర ఇంకొకటి. అలిఫ్, దాల్, రే, వావ్ లాంటివి తర్వాతి అక్షరంతో చెయ్యి కలపవు. 'స' ధ్వనికి మూడు అక్షరాలు: సే, సీన్, స్వాద్. ఏ మాటకు ఏది అంటే గుర్తుపెట్టుకోవడమే. ఇందులో పాప నన్ను రోజూ ఓడించేది. ఒకసారి చూసిన రూపం ఆ పిల్లకు అలా అతుక్కుపోయేది. నాకు పొద్దున వచ్చింది సాయంత్రానికి జారిపోయేది. వయసు తేడా ఇక్కడ నిజంగానే ఉంది, లేదని మీకు అబద్ధం చెప్పను.

మూడో నెలలో కథ మారింది. ఒకరోజు అక్షరాలు కూడబలుక్కుంటే 'ఖుష్కీ' అని వచ్చింది. ఖుష్కి! మా ఊరి పెద్దవాళ్లు మెట్టభూమిని ఇప్పటికీ అనే మాట. తర్వాత తరీ అంటే మాగాణి, పట్టాదార్, పహాణీ, రసీద్, జమాబందీ అంటే ఊరి శిస్తు లెక్క. తెలంగాణ రైతు ఇంట్లో పుట్టినవాడికి ఇవన్నీ ఎవరూ నేర్పకుండా వచ్చిన మాటలు. పాపకు అక్షరాలన్నీ వచ్చు, జమాబందీ అంటే ఏమిటో తెలియదు. నాకు రెండక్షరాలు తగిలితే చాలు, మిగతాది ఊహించి చదివేసేవాణ్ణి. "అంకుల్ చీటింగ్ చేస్తున్నారు" అని కంప్లయింటు కూడా ఇచ్చింది.

నిజానికి ఉర్దూలో ఆ చీటింగ్ తప్పదు. మనకు గుణింతం ఉంది, రాసింది రాసినట్టు చదివేస్తాం. వాళ్లు హ్రస్వాలను మామూలుగా రాయరు. మీమ్, లామ్, కాఫ్ వరసగా ఉంటే ముల్క్ కావచ్చు, దేశం. మలిక్ కావచ్చు, రాజు. మిల్క్ కావచ్చు, ఆస్తి. భూమి కాగితంలో కనిపిస్తే ఎక్కువగా మూడోదే. (మా ఆవిడ పాలనుకుంది.)

ఆరో నెలకు సియాసత్ అనే ఉర్దూ పేపర్లో హెడ్డింగులు చదవగలిగాను, హెడ్డింగుకు పది నిమిషాల చొప్పున. ఆ ధీమాతో ట్రంకు పెట్టె తెరిచాను. ఒక్క లైను రాలేదు. అచ్చు వేరు, గుమాస్తా చేతిరాత వేరు. అందులోనూ వాళ్లు రాసింది షికస్తా అనే గొలుసుకట్టు రాత, షికస్తా అంటేనే 'విరిగినది' అని అర్థం. చుక్కలు ఎగిరిపోతాయి, రెండు చుక్కలు ఒక గీత అవుతాయి, కలవకూడని అక్షరాలు కలిసిపోతాయి. అంకెల్లో సున్నా అంటే ఒట్టి చుక్క. ఎనభై ఏళ్ల కాగితం మీద అది సున్నానా, ఈగ పెట్టిన మచ్చనా? మూడెకరాలా, ముప్పై ఎకరాలా? ఆ రోజుతో మానేశాను. నలభై రోజులు అటు వెళ్లలేదు.

మళ్లీ వెళ్లడానికి గొప్ప కారణమేమీ లేదు. కిరాణా కొట్టు దగ్గర ఆ పాప కనిపించి "అంకుల్, మీరు ఫెయిలయ్యారా?" అంది.

ఈసారి మాస్టారు పుస్తకం పక్కన పెట్టించారు. ఒకే గుమాస్తా రాసిన రసీదులు ఏరి, అన్నిట్లో వచ్చే మాటలు, అంటే ఊరి పేరు, తాత పేరు, 'ఫసలీ' (శిస్తు లెక్కల సంవత్సరం), ఉన్నవి ఉన్నట్టు దించి రాయమన్నారు. తాత పేరు నాకు ముందే తెలుసు కాబట్టి ఆ గుమాస్తా 'రే' ఎలా గీకుతాడో అందులో దొరికింది. ఆ 'రే' పట్టుకొని ఇంకో మాట, దాన్ని పట్టుకొని ఇంకోటి. రోజుకు అరగంట, టిఫినుకు ముందు. ఫసలీ 1352 అని ఉంటే 590 కలపాలి, అంటే మన 1942-43. అవి శిస్తు రసీదులే. పెద్దమనిషి చెప్పింది నిజమే, ఆరు కాగితాల వరకు.

ఏది మొదలుపెట్టాలని మీరు అడగలేదు గానీ చెబుతాను. సగం ఇప్పటికే మీ నోట్లోనో చేతిలోనో ఉన్నది చూసుకోండి. పైగా దానితో తేల్చుకోవాల్సిన పని ఒకటి ఎదురుగా ఉండాలి. కీబోర్డు కొన్నప్పుడు నేను వాయించి తీరాలనుకున్న పాట ఒక్కటీ లేదు.

ఏడో కాగితం ఎడ్లు కొన్న చీటీ. జతలో ఒకదానికి ఎడమ కొమ్ము విరిగిందని రాసి ఉంది, కింద ఇద్దరు సాక్షుల వేలిముద్రలు. ధర హాలీ రూపాయల్లో, అంటే నిజాం సర్కారు రూపాయల్లో. ఎన్ని రూపాయలన్నది మాత్రం రఖంలో వేశారు. అవి అంకెల బదులు లెక్కల్లో వాడిన వేరే గుర్తులు, అరబీ సంఖ్యల పేర్లను కుదించినవి. మాస్టారుకే సగం సగం వచ్చు. వచ్చే ఆదివారం ఆయనకు తెలిసిన ఇంకో ముసలాయన దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం.